భూటాన్‌లో ఆపని వంతెనలు

వ్యానులో కొవ్వూరు వాళ్ళం ఎనిమిది మందిమి, భూటాన్ డ్రైవరు ఒకడు, జంతికల డబ్బాలు రెండు, తెరుచుకోని అద్దాల కిటికీలు ఆరు.

మా పక్కింటి పిన్నిగారు వంతెన వచ్చిన ప్రతిసారీ వ్యాను ఆపించి, దిగి, నదిలో రూపాయి వేసి దణ్ణం పెట్టుకునేవారు. రైలు గోదావరి దాటేటప్పుడు మేమందరం చేసే పనే. ఆ రోజు రాజమండ్రిలో ఆవిడ చెల్లెలికి గుండె ఆపరేషను జరుగుతోంది.

నాలుగో వంతెన దగ్గర నాకు విసుగొచ్చింది.

"మనం వెళ్ళే బౌద్ధ మఠం ఐదింటికి మూసేస్తారండీ. ఇది గోదారి కాదు. మీ చెల్లెలెవరో ఈ నదికేం తెలుసు?" అన్నాను.

"తెలుగులో మొక్కితే దీనికేం అర్థమవుద్దమ్మా!" అన్నాడు వెనక సీటాయన. అందరూ నవ్వారు.

"ఇంకా ఆపరేషన్ థియేటర్లోనే ఉందంట బాబూ. వంతెనకి ఒక్క నిమిషమే కదా," అన్నారావిడ.

ఇంకెక్కడా ఆపొద్దని డ్రైవరుకి హిందీలో చెప్పాను. అతను అద్దంలో ఆవిడ వైపు ఒకసారి చూసి, వ్యాను పోనిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ ప్రతి వంతెన మీదా రూపాయిని కిటికీ అద్దానికి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

మఠం మూసే వేళకి గంట ముందే చేరాం. దారిలో ఆపకుండా దాటిన వంతెనలు ఏడు.