మీసం లేని పెదవి

మా ముత్తాత ఎల్లారెడ్డి చుట్టూ పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ఎదుట ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. నా కాలంలో కోటలాంటి మా గడికి క్రమం తప్పకుండా వచ్చిన మనిషి ఒక్కడే, కామారెడ్డి బార్‌లో చీర కట్టి ఆడే అతను.

ఇంట్లో వేషం వేసుకోనివ్వరని మా హాలులోని నిలువుటద్దం ముందు తయారయ్యేవాడు. రంగు పూసుకునేదాకా, నున్నగా గీసిన పైపెదవిని రెండు వేళ్లతో కప్పుకునే ఉండేవాడు. తండ్రి పోతేనే మీసం తీయాలన్నది మా వైపు ఆనవాయితీ.

"బాపు నా మొకం చూస్తలేడు దొరా. 'నేను బతికుండంగనే నా దినం జేసిండు' అని అవ్వతోని అన్నడట," అని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. వేళ్లు మాత్రం తీయలేదు.

ఆ తండ్రి పోయిన రోజు నేనూ వెళ్లాను. మంగలి అతని అన్నదమ్ములందరి మీసాలూ తీసి, చివరికి ఇతని ముందుకొచ్చి ఆగిపోయాడు.

"వీనికేం తీస్తవ్? వాళ్ల నాయిన ఉండంగనే తీసుకున్నడు," అన్నాడు అతని చిన్నాయన.

అతను పెదవి కప్పుకుని తలవంచాడు. నేనొక్క మాట అంటే చిన్నాయన నోరు మూసుకునేవాడు. అనలేదు.

తర్వాత మూడు నెలలు అతను ఆటకు పోలేదు. ఒక పొద్దున మా గుమ్మంలో నిలబడ్డాడు. గుబురు మీసం పెరిగింది. చేతులు రెండూ కిందికే ఉన్నాయి.

"అచ్చం బాపు లెక్కనే ఉన్ననని అవ్వ ఏడ్వవట్టింది దొరా. మా ఇంట్ల అద్దం అరచేయంత. ఒక్కసారి పెద్దద్దంల నిండుగ చూసుకొని పోత."

ఆ అద్దాన్ని నెల కిందటే కామారెడ్డిలో పాత సామాన్ల దుకాణానికి అమ్మేశాను.