ఆరు బద్దల గాలం

నిన్న పాతసామాన్ల కొట్లో, ఆరు వెదురు బద్దలు అతికించి వార్నిష్ పూసిన దొరల కాలపు గాలం కర్ర చూశాను. "సెగ తగిల్తే జిగురు కరిగిపోతాదమ్మా" అన్నాడు కొట్టతను.

అరవైల చివర, నా తొమ్మిదో ఏట, భావనపాడులో అలాంటిదే మా ఇంట్లో ఉండేది. చర్చి మిషను ముసలి దొర తన తండ్రి వాడినదాన్ని నాన్నకిచ్చి వెళ్ళాడు. తుపాను మా పడవనూ వలలనూ పట్టుకుపోయాక, కెరటాల అవతలికి గాలం విసరడానికి ఆ కర్రొక్కటే మిగిలింది. మూడు రోజులుగా ఇంట్లో గింజ లేదు. కర్ర వంగితే తిన్నగా చేద్దామని, నాన్న మామూలు వెదురుకు చేసినట్టే, నేనూ పొయ్యి సెగకు పట్టాను. ఆరు బద్దలూ నా చేతుల్లోనే విడిపోయాయి.

తమ్ముడు ఆకలికి ఏడుస్తూనే ఉన్నాడు. నాన్న ఆ బద్దల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

"కర్ర ఇంకా పచ్చిదే గుంటా, నీ తప్పేటీ నేదు" అన్నాడు నాతో.

నిన్నటిదాకా ఆ మాటే నమ్మాను. నాన్న పుట్టకముందే ఎండిపోయిన వెదురు అది.