ఏడవ రకం గిన్నె

చిక్కపేట పాత్రల అంగళ్లలో మూత కావలసినవారు మూతను కొంటారు, గిన్నె కావలసినవారు గిన్నెను కొంటారు. బేరమాడి ఇంటికి పోతారు. ఆ పేటలోనే పుట్టి పెరిగిన భుజంగరావుకు మాత్రం ఆ సౌకర్యం లేకపోయింది. ఆయన చేతికి వచ్చే పాత్రలను వాడినవారు పోయి రెండు వేల ఏళ్లు దాటింది.

నగరంలోని ఒక పురావస్తు కార్యాలయంలో, తవ్వకాలలో బయటపడిన జాడీలను రకాలుగా విడదీయడం ఆయన ఉద్యోగం. రాతి జాడీలతో ఆయనకు పేచీ లేదు. రాయి పగిలినా తన ఆకారాన్ని మరచిపోదు. మట్టివే మొండివి. పెంకులను కడిగి, ఆరబెట్టి, అంచు వంపు చూసి, వేలితో తడిమి ఆయన గుంపులు కట్టేవాడు. అరచేతి వెడల్పు పెంకు చాలు, దాని వంశమంతా చెప్పేవాడు. ఇంట్లో భార్య వెంకటలక్ష్మి కూరగిన్నె ఎక్కడ పెట్టిందో మాత్రం ఏనాడూ కనుక్కోలేకపోయాడు.

చాలా ఏళ్ల క్రితం ఆయన కొన్ని పెంకులను అతికించి, లోతు తక్కువైన ఒక పాత్రను నిలబెట్టి, దానికి 'ఏడవ రకం గిన్నె' అని పేరు పెట్టాడు. తరువాతివారు దానిని 'భుజంగ గిన్నె' అన్నారు. శాలువాలు కోరని మనిషే గాని, ఎవరైనా దానిని ఒట్టి ఏడవ రకమని అంటే ఆయనకు ఎందుకో చెవి వినిపించేది కాదు.

చిక్కంతా అంబికతో వచ్చింది. కోలారు వైపు అమ్మాయి, బెళ్ళందూరులో కాపురం. కొత్తగా ఉద్యోగంలో చేరిన నెలలోనే ఆ పాత్రను రెండు చేతులతో ఎత్తి బోర్లించింది.

"సార్, ఇది గిన్నె కాదేమో. జాడీ మూత మాదిరి ఉండాది."

"నిలబడుతున్నది కదమ్మా?"

"మా ఇంట్లో మూతలు కూడా నిలబడతాయి సార్."

"మూతలో ఎవరైనా భోజనం చేస్తారా?"

అంబిక ఆయన బల్ల వైపు చూసింది. టిఫిన్ క్యారియర్ మూతలో సగం తిన్న చిత్రాన్నం ఉన్నది.

"ఎవరూ తినరు సార్," అన్నది వినయంగా.

ఆనాటి నుండి కార్యాలయం రెండుగా చీలింది. గిన్నె పక్షంవారు ఫ్యాను కింద, మూత పక్షంవారు కిటికీ పక్కన కూర్చునేవారు. ఒక గుమాస్తా మాత్రం, సెలవు చీటీ మీద ఎవరి సంతకం కావాలో చూసుకొని, ఆ రోజుకు తన సిద్ధాంతాన్ని నిర్ణయించుకునేవాడు.

ఇంతలో కొత్త ప్రదర్శనశాల సిద్ధమైంది. పాత్రలను పీఠాల మీద అతికించాలి. ఒకసారి అతికిస్తే ఊడదట. ఏడవ రకం పాత్రలను ఏ వైపు అతికించాలని అడిగితే పై అధికారి ఫోను నుండి తల ఎత్తకుండానే, "సగం ఇట్లా, సగం అట్లా పెట్టేయండి. వచ్చేవాళ్లు సెల్ఫీకి వస్తారు," అన్నాడు. రెండు పక్షాలూ ఏకమై బాధపడిన రోజు అదొక్కటే.

భుజంగరావు లేచి నిలబడ్డాడు. "భూమిలో, జాడీ మీద బోర్లించి ఉండగా ఒక్కదానిని చూపించండి. నా రకాన్ని నేనే కొట్టివేస్తాను."

అది పెద్ద సాహసమేమీ కాదు. ఆయన సర్వీసు మొత్తంలో భూమి పెంకులను తప్ప మరేమీ ఇవ్వలేదు.

ఆ ఏడు దేవనహళ్ళి దగ్గర రాతిపలకల సమాధి ఒకటి తవ్వారు. ఒక మధ్యాహ్నం భుజంగరావు ఒక్కడే గుంతలో కూర్చొని బ్రష్షుతో మట్టి తుడుస్తున్నాడు. గట్టు మీద మేస్త్రి కదిరప్ప ఉన్నాడు. అంబిక నగరం నుండి వస్తూ హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నది. మట్టి తొలగినకొద్దీ ఒక పెద్ద జాడీ, చెక్కుచెదరకుండా, బయటపడింది. దాని నోటి మీద ఒక పాత్ర బోర్లించి ఉన్నది. ఆ అంచు వంపును ఆయన నిద్రలోనైనా గుర్తుపట్టగలడు.

ఆకాశం నల్లబడింది.

"ఎత్తేద్దామప్పా," అన్నాడు కదిరప్ప. "వాన పడితే అంతా బురదే. పైది పక్కన పెట్టి జాడీని గోనెలో చుడదాము."

తప్పు పట్టడానికి వీలులేని సలహా. ఎత్తిన పాత్రను ఎవరైనా నోరు పైకే పెడతారు. ఆ తరువాత అది ఎట్లా ఉండేదో చెప్పవలసినవాడు కదిరప్ప ఒక్కడే. అతని దృష్టిలో గిన్నె, మూత రెండూ చిప్పలే.

భుజంగరావు రెండు చేతులూ ఆ అంచు మీద ఆనించాడు, మళ్లీ వెనక్కు తీసుకున్నాడు.

"కదిరప్పా, ఫోను తీయి."

"ఎవరికి చేసేదప్పా?"

"ఫొటో తీయి. అన్ని వైపులా తీయాలి. కొలకర్ర కనబడాలి, నా మొహం కనబడకూడదు. అంబికమ్మకు పంపు." అని, గొడుగును జాడీ మీద పట్టి తాను వానలో నిలబడ్డాడు.

కొద్దిసేపటికి కదిరప్ప ఫోను మోగింది.

"సార్, బోర్లించే ఉండాది."

"నాకూ కళ్లున్నవమ్మా."

"ఎత్తకముందే తీయించినారా?"

"ఎత్తిన తరువాత తీస్తే అది నా అభిప్రాయమవుతుంది గాని ఫొటో ఎట్లా అవుతుంది? నవ్వుకో, ఫరవాలేదు. ట్రాఫిక్‌లో పొద్దుపోవాలి కదా."

హారన్ల మధ్య నుండి అంబిక జాడీ కొలతలు అడిగింది.

ఆయన అన్నంత పనీ చేశాడు. ఏడవ రకాన్ని తన చేతితోనే కొట్టివేశాడు. గిన్నె పక్షం మరునాటికే మాయమైంది. అది మూతేనని తమకు మొదటి నుండీ అనుమానమని, పెద్దాయన మనసు నొప్పించడం ఇష్టం లేక ఊరుకున్నామని అందరూ చెప్పుకున్నారు.

ప్రదర్శనశాల తెరిచిన రోజున వెంకటలక్ష్మి బలవంతం మీద ఆయన వెళ్లాడు. అద్దం వెనుక ఆ పాత్ర బోర్లించి ఉన్నది. కింద పలక మీద 'భుజంగ మూత' అని ఉన్నది.

"కనుక్కున్నది నీవు కదమ్మా, నా పేరెందుకు?" అన్నాడు, పక్కకు వచ్చి నిలబడ్డ అంబికతో.

"మూత అని నేను అన్నాను, అంతే. చూపించింది మీరు. పేరు అట్లే ఉండనీండి సార్, దాన్ని కూడా బోర్లించినామనుకోండి."

భుజంగరావు కళ్లజోడు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, అద్దం మీదికి వంగి చాలాసేపు చూశాడు. మూత కొంచెం ఎడమకు ఒరిగిందని, అతికించినవాడికి చూపు లేదని, హాలంతా వినబడేటట్టు గొణిగాడు.