సత్యభామ చెప్పిన ‘నిన్న’

సత్యభామ గురించి ఎవరైనా అడిగితే నేను ఎక్కడ మొదలుపెట్టినా నేరుగా ఆ బంద్ రోజుకే వెళ్ళిపోతాను. ఈసారి కాస్త నిదానంగా, ముందునుంచీ చెబుతాను.

వాళ్ళు మా ఇంటి కింద వాటాలో బాడుగకుండేవాళ్ళు. తల్లి సొన్నమ్మ బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో షర్టులకు కాలర్లు కుట్టేది. కూతురు సత్యభామ నేను పాఠాలు చెప్పిన బళ్ళోనే పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, తర్వాత డిప్లొమా చేసింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి జారిపోయేది. తనకే తెలిసేది కాదు. మా పేటలో అందరమూ అంతే లెండి.

తొంభై తొమ్మిదిలో హోసూరు రోడ్డు మీద ఒక బ్రౌజింగ్ సెంటర్లో చేరింది. కుర్రకారు వచ్చి ఆ కంప్యూటర్లలోకి ఏవేవో దించుకునేవాళ్ళు, అవి మొరాయించేవి. వారం వారం ఈ పిల్ల ఒక్కొక్కదాన్నీ తుడిచేసి, అన్నీ మళ్ళీ మొదటినుంచీ ఎక్కించేది.

“అదే పని, అవే బటన్లు టీచరమ్మా. తల తిరుగుతాది. ఒకసారి మెషినుకే చెప్పేస్తే అదే చేసుకుంటాది కదా?” అనేది.

చెప్పేసింది కూడా. ఏదో ప్రోగ్రాం రాసి సీడీలో పెట్టుకుంది. సీడీ లోపల పెట్టడం, తను కూర్చుని పల్లీలు నమలడం. ఓనరు చూసి, “ఏమమ్మా, పనిచేసేది నువ్వా, సీడీనా? జీతం ఎవరికియ్యాల?” అన్నాడట. ఆ మాట చెప్పి ఎంత నవ్విందో!

అలా అలా బెళ్ళందూరులో ఒక కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. సర్వర్లు చూసుకునే పని. సొన్నమ్మ ఆ మాట విని నా దగ్గరికొచ్చి కూలబడింది.

“ఇంత చదివించింది హోటల్లో సర్వరు పనికా టీచరమ్మా?”

నాకూ అప్పటికి తెలిస్తే కదా! సత్యభామే మా ఇద్దరికీ చెప్పింది. మనం ఇక్కడ కంప్యూటర్లో ఒక పేజీ అడిగితే, ఎక్కడో ఉన్న ఇంకో మెషిను దాన్ని తెచ్చి మన ముందు పెడుతుంది. అలా తెచ్చిపెట్టే ప్రోగ్రామే వెబ్ సర్వరు. “అట్లయితే ఇడ్లీ వడ తెచ్చేవాడే కదే,” అని సొన్నమ్మ తేల్చేసింది.

ఇక రెండువేల ఎనిమిది చివరికొద్దాం. ఆఫీసుల్లో ఎడాపెడా మనుషుల్ని తీసేస్తున్న రోజులు. సత్యభామ కాంట్రాక్టు ఆ నెలతో సరి. ఆఫీసులో పైవాడు రాఘవేంద్ర అని మైసూరాయన, కన్నడం తప్ప తెలుగు ముక్క రాదు. ఆయన ఒక మాటన్నాడట: ఈ బస్సు టికెట్ల పని నీ స్క్రిప్టుతో సరిగ్గా జరిగితే పర్మనెంట్ చేయిస్తా, లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు.

ఆ పనేమిటంటే, బస్సు టికెట్లమ్మే ఒక కంపెనీకి చాలా మెషిన్లున్నాయి. అన్నింటిలో పాత వెబ్ సర్వరు తీసేసి కొత్తది పెట్టాలి. మిగతావాళ్ళు చేత్తో చేద్దామన్నారు. ఈ పిల్ల వద్దని, ఒక్క స్క్రిప్టు, అంటే ఆ సీడీలోలాంటి ప్రోగ్రాం, రాస్తాను, అదే అన్ని మెషిన్లకూ వెళ్ళి అన్నీ చేసుకొస్తుంది అని పట్టుబట్టింది. చిక్కేమిటంటే మెషిన్లన్నీ ఒక జాతివి కావు. ఒక జాతిలో ఆ కొత్త సర్వరు పేరు హెచ్‌టీటీపీడీ. ఇంకో జాతిలో అదే సరుకు పేరు అపాచీ టూ. మన పిల్లల్లాగే అనుకోండి, ఇంట్లో బుజ్జి, బళ్ళో వెంకటరమణ. బళ్ళో బుజ్జీ అని కేకేస్తే ఎవరు లేస్తారు? శుక్రవారం సత్యభామ రాసిన స్క్రిప్టు, పరీక్షకు పెట్టుకున్న మెషిన్ల మీద చూస్తే, అందర్నీ ఒకే పేరుతో పిలిచింది. రెండో జాతి మెషిన్లు పలకలేదు.

శనివారం బంద్. ఆ ఏడాది ఏదో గొడవకి సాయంత్రం ఆరు దాకా బస్సుల్లేవు, ఆటోల్లేవు. టికెట్లు కొనేవాళ్ళూ ఉండరు కనుక ఆ రోజే పని పెట్టుకున్నారు. ఆరు దాటితే రాత్రి బస్సులకు జనం ఎగబడతారు, ఆ లోపల అంతా అయిపోవాలి. సత్యభామ ఆఫీసుకు పోలేక, ఇంటర్నెట్ ఉందని మా ఇంట్లో వచ్చి కూర్చుంది. ఆఫీసులో ఉన్నది వినయ్ ఒక్కడే. కరీంనగర్ కుర్రాడు, కొత్తగా చేరాడు, కన్నడం ఇంకా అరకొర, పక్కనే పీజీ హాస్టల్లో ఉంటాడు కాబట్టి నడుచుకుంటూ వెళ్ళాడు. పొద్దుటే వాడు సత్యభామ స్క్రిప్టును దిద్ది, ఏ జాతికి ఆ పేరు పెట్టాడు. ఈమె చూసి బాగుందంది.

నేను ఉప్పిట్టు, అదే ఉప్మా, చేసి పెడితే ముట్టలేదు. దుపట్టా కొస దారాలు ఒక్కొక్కటీ లాగుతోంది.

“తినవే, చల్లారిపోతోంది,” అన్నాను.

“తర్వాత తింటా టీచరమ్మా. ముందు అయిపోనీ.”

ఫోన్లో అటు రాఘవేంద్ర, ఇటు వినయ్, మధ్యలో ఈమె. స్పీకరు పెట్టింది కాబట్టి అంతా నాకూ వినిపించింది. ఈమె రాఘవేంద్రతో కన్నడలో, రెడీ సార్, ఏమీ భయం లేదు సార్ అని చెప్పి, అదే ఊపులో వినయ్ వైపు తిరిగింది.

“వినయ్, నిన్న స్క్రిప్ట్ రన్ మాడప్పా,” అంది, నడపమని.

వాడు తిరిగి అడిగాడు.

“నిన్నదేనా అక్కా?”

“హౌదప్పా, నిన్నదే. బేగ!” అంది, అవును, త్వరగా అని.

స్క్రీను మీద వరసలు పరుగెత్తాయి. మొదటి జాతి మెషిన్లు ఒక్కొక్కటీ అయిపోయాయని వస్తోంది. సొన్నమ్మ గార్మెంట్స్ కూడా మూసేశారు, ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ, “అయిందా? అయిందా?” అని ఒకటే గోల. రెండో జాతి మెషిన్ల వంతు రాగానే ఈ పిల్ల మొహం పాలిపోయింది.

“వినయ్! ఆపు! ఆపప్పా! ఏది రన్ చేసినావు నువ్వు?”

“నిన్నదే అక్కా. మీరు చెప్పిందే.”

“అది నాదప్పా! నేను చెప్పింది నీది!”

“నాది అన్లేదు గదా మీరు. నిన్నది అన్నరు. మళ్ళ అడిగిన గూడ.”

“నిన్నదంటే నీదే కదప్పా!”

నాకు ముందు అర్థమైంది, తెలుగు చెప్పినదాన్ని కదా. కన్నడలో ‘నిన్న’ అంటే నీ. తెలుగులో నిన్న అంటే గడిచిపోయిన రోజు. కన్నడలో ఆ రోజును నిన్నె అంటారు. ఈమె ‘నీ స్క్రిప్టు’ అని కన్నడలో అంది, వాడు ‘నిన్నటి స్క్రిప్టు’ అని తెలుగులో విన్నాడు. రూఢి చేసుకోవడానికి వాడు తెలుగులో అడిగితే, ఈమె కన్నడలో విని సరే అంది! నాకు నవ్వాగలేదు, పక్కున నవ్వేశాను.

“నగతావేమి టీచరమ్మా! దాని పొట్టకొట్టే గాచారం వచ్చి ఉండాది!” అని సొన్నమ్మ చేట పక్కన పడేసింది. నోరు మూసుకున్నాను.

శుక్రవారం స్క్రిప్టు ఎలాంటిదంటే, ముందు పాత సర్వరును పీకి పారేస్తుంది, ఆ తర్వాత కొత్తదాన్ని పిలుస్తుంది. తప్పు పేరుతో పిలిస్తే వచ్చేవాడెవడు? ఇప్పుడు రెండో జాతి మెషిన్లలో సగానికి పైగా పాతదీ లేదు, కొత్తదీ లేదు. టికెట్ల పేజీ కొడితే తెల్లగా వస్తోంది. టైము చూస్తే నాలుగు దాటింది.

“నాది ఎక్కిద్దామా అక్కా?” అన్నాడు వినయ్.

“నీదాన్ని పాత సర్వరున్న మెషిను మీదే కదప్పా చూసింది. ఏమీ లేని ఖాళీ మెషిను మీద ఎట్ల పోతాదో ఎవరికి తెలుసు? మళ్ళీ ఏదైనా పీకిందంటే…” అని మిగతా మాట మింగేసింది.

రాఘవేంద్ర ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. పాతది నడిచిపోయిందని సత్యభామ ఆయనకు కన్నడలో ఒక్క ముక్క చెప్పింది.

చివరికి ఒకే ఒక మెషిను మీద చూద్దామంది. వినయ్ నొక్కాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటర్నెట్ పోయింది! సత్యభామ ఆ దీపాల మోడెం పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, “రా నా బంగారూ, రా,” అంటూ తీగ తీసి గుచ్చుతోంది. నేను ఏ దేవుడికి మొక్కాలో తేల్చుకోలేక తెలిసినవాళ్ళందరికీ మొక్కేశాను. ఫోన్లోంచి వినయ్ చదివి చెబుతున్నాడు: సరుకు దించుతున్నది అక్కా… ఇంకా దించుతున్నది… ఆగింది… లేదు, కదిలింది…

“పేజీ కొట్టి చూడప్పా,” అంది, కళ్ళు మూసుకుని.

“తెల్లగనే ఉన్నది అక్కా.”

సొన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఆగు, ఆగు… బస్సు బొమ్మ! బస్సు బొమ్మ వచ్చిందక్కా!”

తర్వాత మిగతావి. ఒక్కొక్క మెషిన్నీ వాడు పేరు పేరునా చదవడం, ఈమె తలూపడం. ఆరు కాకముందే రోడ్డెక్కిన మొదటి ఆటో చప్పుడు వినబడేసరికి ఇంకా కొన్ని మిగిలాయి. అవి కూడా అయ్యేసరికి ఆరు దాటలేదు గానీ, దాటినంత పనైంది.

అప్పుడు రాఘవేంద్ర నోరు విప్పాడు. కన్నడలో వినయ్‌ను నిలదీశాడు. “అవళు సరియాగే హేళిదళల్లప్పా, నిన్న స్క్రిప్ట్ అంత. నీను యాకె హళేదు హాకిదె?” ఆమె సరిగ్గానే నీ స్క్రిప్టు అంది కదా, నువ్వు పాతదెందుకు వేశావు అని. ఆయన చెవికి అంతే మరి! వినయ్ చేరి రెండు నెలలు కాలేదు. ఆ వారంలో ఎవరో ఒకరిని తీసేయాలంటే ఇక వెతుక్కోనక్కర్లేదు.

సొన్నమ్మకు కన్నడం బాగా వచ్చు. కూతురి మోచెయ్యి గిల్లి, ఊరికే ఉండు అని సైగ చేసింది. నేను చూశాను. సత్యభామ తల్లి చెయ్యి నెమ్మదిగా తీసేసింది. కన్నడలోనే చెప్పింది: మా తెలుగులో ఆ మాటకు అర్థం వేరు సార్, వాడు అడిగాడు కూడా, తెలుగువాడితో కన్నడలో మాట్లాడింది నేను, పాత సర్వరును ముందే పీకేలా రాసిందీ నేనే.

రాఘవేంద్ర అంతా విన్నాడు. తర్వాత, సోమవారం మాట్లాడదాం అని పెట్టేశాడు.

ఆదివారం సొన్నమ్మ కూతురికి అన్నం పెట్టింది గానీ మొహం చూడలేదు.

సోమవారం సాయంత్రం సత్యభామ గేటు తీసేసరికి ఇద్దరం మెట్ల మీదే ఉన్నాం.

“పర్మనెంటా?” అంది సొన్నమ్మ.

“కాదు మా. కాంట్రాక్టే ఇంకో మూడు నెలలు పొడిగించినారు. వినయ్‌కి కూడా.”

“అట్లంటే ఏమే? ఉద్యోగం ఉండాదా, లేదా?”

“మార్చి దాకా ఉండాది.”

“ఆపైన?”

సత్యభామ చెప్పులు విడిచి, తల్లి పక్కన కూర్చుంది.

“ఆపైన ఎవరికి తెలుసు మా. ఆకలేస్తా ఉండాది, ఏమన్నా పెట్టు.”

సొన్నమ్మ లేచి లోపలికెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించాక నేనూ పైకి వచ్చేశాను.