పన్నెండు గిన్నెల గంగక్క

మహబూబాబాద్ స్టేషన్ నుంచి మార్కెట్ వైపు వచ్చే సందులో గంగక్క హోటల్ ఉంది. బోర్డు లేదు. నాలుగు బల్లలు, ఒక పాత కూలర్, గోడకు ఆనించి పెట్టిన పన్నెండు సిల్వర్ గిన్నెలు, అంతే. గిన్నెల అడుగులు గుండ్రంగా, బయట కాటుకలా నల్లగా ఉంటాయి. లోపల మాత్రం మొహం చూసుకోవచ్చు. సాయంత్రం నాలుగైతే వాటిలోంచి లేచే నువ్వుల వాసన సందు చివరిదాకా వస్తుంది.

ఎమ్మే పూర్తయి ఇంటికి వచ్చినప్పటి నుంచీ వారానికి మూడు సాయంత్రాలు నేను అక్కడే. గోడ పక్క బల్ల మీద పుస్తకం తెరిచి కూర్చుంటే ఎవరూ పలకరించరు. గంగక్క వచ్చి పళ్లెం పెట్టి పోతుంది. ఆమెకు యాభై ఐదేళ్లు ఉంటాయి. మనిషి చిన్నది, గొంతు పెద్దది.

ఆమె చేసేది సర్వప్ప. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం కలిపి ముద్ద చేస్తుంది. ఆ ముద్దను గిన్నె లోపలి గోడకు పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూత పెడుతుంది. సన్నమంట మీద కాలాక అది గిన్నె ఆకారంలోనే ఊడి వస్తుంది. అడుగు కరకరలాడుతుంది, అంచు మెత్తగా ఉంటుంది. మా సందులో అడుగు తినేవాళ్లు వేరు, అంచు తినేవాళ్లు వేరు. వేడి గిన్నెకు పిండి పట్టదు, జారిపోతుంది. అందుకని ఒకటి దిగగానే గిన్నెను బోర్లించి, అడుగు మీద నీళ్లు పోసి చల్లార్చాలి. అది చల్లారేలోపు ఇంకో గిన్నె కావాలి. పన్నెండు ఉన్నది అందుకే.

ఆమె భర్త ఐలయ్య ముప్పై ఏళ్లు రైసుమిల్లులో పనిచేశాడు. ఆ మోతకు చెవులు పోయాయి. పోయిన ఏడాది జనగామలో ఒక సేవాసంఘం వాళ్లు అతనికి ఉచితంగా వినికిడి మిషన్ పెట్టారు. పెట్టిన వారం రోజులు ఐలయ్య కాకి అరిచినా, కుక్కర్ కూసినా నవ్వాడు. ఆ తర్వాత గంగక్క తిట్లు కూడా వినపడటం మొదలైంది. అప్పటి నుంచి ఆమె గొంతు లేస్తే అతని చెయ్యి చెవి దగ్గరికి పోతుంది.

"మల్ల తీసిండు సూడు! మిషిను పెట్టిచ్చింది నా మాట ఇనేతందుకా, ఇడ్సిపెట్టేతందుకా?"

మిషన్ ఇచ్చిన రోజు సంఘంవాళ్లు వీళ్లిద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఫొటో తీశారు. పేపర్లో వచ్చింది. అందులో ఐలయ్య పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు, గంగక్క తల దించుకుని ఉంది. ఎందుకని నేను అడిగితే, "నేను ఎప్పుడు పెట్టేదాన్నే గని ఒకల తాన పట్టేదాన్ని గాదు బిడ్డా. చెయ్యి చాపుడు నాకు చాత గాలె" అంది.

ఆ సంఘానికి కార్యదర్శి శైలజ మేడం. డిగ్రీలో నాకు పాఠం చెప్పారు. ఈ ఏడాది పిల్లల వినికిడి మిషన్ల కోసం జనగామలో పెద్ద విందు పెడుతున్నామని, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చిన్న హోటళ్లవాళ్లు ఒక్కొక్కరు ఒక్క వంటకం తెస్తారని, టికెట్ కొన్నవాళ్లు అన్నీ తినొచ్చని చెప్పారు. వంటకాల పేర్లు అట్టల మీద రాసే పని నాకు ఇచ్చారు. మైకులో చెప్పే పని కూడా ఇవ్వబోయారు గానీ నా మొహం చూసి ఊరుకున్నారు.

నేను మేడంను గంగక్క హోటల్‌కు తీసుకెళ్లాను. మేడం రెండు సర్వప్పలు తిని, చేతులు కడుక్కోకుండానే అడిగారు.

"గంగక్కా, రెండు వందల మంది వస్తరు. చేస్తవా?"

"చేస్త. పైసలిస్తనంటే మాత్రం రాను."

"అదేందక్కా?"

"పోయినేడు మీరు పెట్టిన్రు, మేం తీస్కున్నం. గీసారి నేను పెడ్త, మీరు తినాలె. గదొక్కటి అయితే నా పానం నిమ్మలమైతది."

పక్క దుకాణంలో బిర్యానీ అమ్మే గులాం మొహిద్దీన్‌కు కూడా పిలుపు వచ్చింది. ఆయన గుమ్మంలోంచే అందుకున్నాడు. "అక్కా, నీ సర్వప్ప డాక్టర్లు ఫోర్కుతోటి పొడుస్కొని తింటరేమో, జర సోంచాయించు."

"నీ బిర్యానిల ముక్క దొర్కాల్నంటే గడ్డపార గావాలె. నా దానికి ఫోర్కు సాలు," అంది గంగక్క.

ఆదివారం మధ్యాహ్నం మొహిద్దీన్ ట్రాలీ ఆటోలో బయలుదేరాం. వెనక బిర్యానీ ఉన్న పెద్ద దేగిషా, పిండి డ్రమ్ము, గోనెసంచిలో గిన్నెలు. దేవరుప్పుల దాటాక రోడ్డు గతుకుల్లో గిన్నెలు మోగుతుంటే ఐలయ్య సంచిని ఒళ్లోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. "నన్ను ఎన్నడన్న గట్ల పట్టుకున్నడా?" అని గంగక్క నన్ను అడిగింది. నేను రోడ్డు వైపు చూశాను. వాళ్లిద్దరూ నవ్వారు.

జనగామ ఫంక్షన్‌హాల్లో కాలు పెడితే చల్లగాలి. కింద ఎర్ర తివాచీ, వరుసగా తెల్లగుడ్డ పరిచిన బల్లలు. భూపాలపల్లి నుంచి వచ్చిన కొమురమ్మ గోదావరి చేపల పులుసు దింపుతోంది. జనగామవాళ్ల తలకాయ కూర అప్పటికే మూత తీసి ఉంది. గంగక్క బల్ల మీద నేను రాసిన అట్ట పెట్టాను. ఆమె చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని దాన్ని తాకింది.

"ఇండ్ల నా పేరు ఏడున్నది?"

చూపించాను. "జర పెద్దగనే రాసినవ్," అంది సంతోషంగా.

తర్వాత పొయ్యి ఎక్కడ అని అడిగింది. హాలు చూసుకునే రాజీవ్ అనే అతను బల్ల కింది నుంచి నల్లగా, పలకలా ఉన్న కరెంటు పొయ్యి తీసి పెట్టాడు. గంగక్క గిన్నెను దాని మీద పెట్టింది. గుండ్రటి అడుగు అటూ ఇటూ ఊగి ఒక పక్కకు ఒరిగింది. ఆమె చేత్తో నిలబెట్టింది. పొయ్యి కీచుకీచుమని అరిచి ఆరిపోయింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అరిచింది.

"ఏదో పిట్ట కూస్తంది," అన్నాడు ఐలయ్య మెరిసే కళ్లతో, పైకప్పు వైపు వెతుకుతూ.

"పిట్ట గాదు, నా మొఖం! గిన్నె కాలుతలేదు."

"సిల్వర్ గిన్నెలు దీని మీద పనిచెయ్యయి ఆంటీ," అన్నాడు రాజీవ్. "లోపల మంట పెట్టనియ్యం. తివాచీలున్నయి. కావాల్నంటే సాపు పెనం ఇస్త."

సర్వప్ప ఎలా చెయ్యాలో తెలిసిన మేమందరం మంట సంగతి అడగటమే మరిచాం. పొయ్యి అంటే మంటే కదా అనుకున్నాం. మేడం మొహం తెల్లబోయింది. అతిథులు ఆరు గంటలకు వస్తారు, అప్పటికే ఐదున్నర.

గంగక్క పెనం మీద ఒకటి ఒత్తి చూసింది. అది రొట్టెలా సాపుగా, పెళుసుగా వచ్చింది. విరిచి నోట్లో వేసుకుని పక్కన పెట్టేసింది.

"పెట్టెయ్యి అక్కా," అన్నాడు మొహిద్దీన్ మెల్లగా. "గీళ్లకేం తెలుస్తది?"

"తెల్వనోళ్లకు తినిపియ్యాల్ననే గద నేనొచ్చింది. గిది పెట్టి, గిదే సర్వప్ప అని ఎట్ల చెప్పాలె?"

హాలు వెనక, జనరేటర్ పక్కన, అంట్లు తోమే చోటు ఉంది. ఒక నల్లా, సిమెంటు గచ్చు, గోడ. అక్కడ చేసి డబ్బాల్లో లోపలికి పంపమన్నాడు రాజీవ్. మూత పెడితే ఆవిరికి అడుగు మెత్తబడుతుందని గంగక్కకు తెలుసు. అయినా వేరే దారి లేదు. ఐలయ్య ఇటుకలు తెచ్చాడు, మొహిద్దీన్ ఎక్కడి నుంచో కట్టెలు తెచ్చాడు. ఆరు పొయ్యిలు వెలిగాయి.

మొదటి పన్నెండు సర్వప్పలను నేనే డబ్బాలో లోపలికి తీసుకెళ్లాను. బల్ల మీద పెట్టి మూత తీస్తే చెమట పట్టిన అప్పడాల్లా ఉన్నాయి. పట్టుచీరలో ఉన్న ఒకామె ఒక ముక్క తీసుకుని, కొంచెం కొరికి, పళ్లెం అంచుకు నెట్టి చేపల పులుసు దగ్గరికి వెళ్లింది. డబ్బా తీసుకుని వెనక్కి వస్తే గంగక్క డబ్బాలో ఎన్ని మిగిలాయో చూసింది. తిరిగి పిండి ఒత్తడం మొదలుపెట్టింది. ఆమె గొంతు లేవకపోవడం నేను అంతవరకు చూడలేదు.

ఐలయ్య కూడా అది చూశాడు. పొయ్యి మీది నుంచి అప్పుడే దిగిన సర్వప్పను చేతి గుడ్డలో పట్టుకుని లోపలికి నడిచాడు. వేదిక మీద ఒక పెద్దమనిషి మైకులో సేవ గురించి మాట్లాడుతున్నాడు. మిల్లు మోతలో ముప్పై ఏళ్లు మాట్లాడిన మనిషికి మైకు అక్కరలేదు.

"ఓ సారూ! అమ్మలారా! సర్వప్పలు గీడ లేవు, యెనుకకున్నయి! కాలంగనే తినాలె, ఆగితే ఏం లేదు! రాండ్రి, రాండ్రి!"

హాలంతా తిరిగి చూసింది. మైకులో ఉన్నాయన ఆగిపోయాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. ఐలయ్య తన చేతిలోది విరిచాడు. ఆ నిశ్శబ్దంలో కరకరమని చప్పుడైంది. ముందు వరసలో ఉన్న చెవి డాక్టర్ దిలీప్ లేచారు. ఐలయ్యకు మిషన్ పెట్టింది ఆయనే. ఆ ముక్క అందుకుని నములుతూ, "నడువు తాతా, ఏడనో చూపియ్యి," అన్నారు. ఆయన వెనక నలుగురు, వాళ్ల వెనక ఇరవైమంది. మైకులో ఉన్నాయన కూడా, "మిగతాది తిన్నంక చెప్త," అని దిగి వచ్చాడు.

ఆ తర్వాత గంట సేపు అంట్లు తోమే చోటే విందు. పట్టుచీరలు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్నాయి. కొందరు గోడ మీద కూర్చున్నారు. అడుగు కావాలని కొందరు, అంచు కావాలని కొందరు పళ్లేలు మార్చుకున్నారు. ముందు పళ్లెం అంచుకు నెట్టిన ఆమె పేరు పద్మలత అట. ఇప్పుడు మూడోది తింటూ, "ఇందాక లోపల తిన్నది ఇదేనా?" అని అందరినీ అడుగుతోంది.

జనం ఎక్కువై గిన్నెలు చల్లారే తీరిక లేకపోయింది. పిండి ఒత్తితే జారుతోంది. గంగక్క గొంతు మళ్లీ లేచింది.

"డాక్టరు సాబ్! తిన్నది సాలు గని, జర నల్లా కాడ గిన్నెలు బోర్లిచ్చి నీళ్లు పొయ్యిన్రి. అడుగు మీదనే పోయాలె, లోపట తడ్వద్దు!"

డాక్టర్ చొక్కా చేతులు మడిచి చెంబు పట్టుకున్నారు. నీళ్లు పడ్డ ప్రతి గిన్నే సుయ్యిమంది. శైలజ మేడం చల్లారిన గిన్నెలు తుడిచి అందించారు. మొహిద్దీన్ తన బిర్యానీ బల్ల వదిలేసి మంట చూస్తూ, "నా కాడ ఒక్కడు లేడు, అందరు ఈడనే ఉన్నరు. క్యా కరూఁ, ఏం జెయ్యాలె, నేను గూడ వచ్చిన," అన్నాడు. గంగక్క అతని నోట్లో ఒక ముక్క పెట్టింది.

మేడం ఖాళీ పళ్లెంతో ముందుకు జరిగితే గంగక్క కళ్లెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. "లైన్ల రా బిడ్డా. నీ ముందట ఎంతమంది ఉన్నరో సూడు." మేడం నవ్వుకుంటూ వెళ్లి చివర నిలబడ్డారు.

పిండి డ్రమ్ము అడుగు కనపడేసరికి ఎనిమిది దాటింది. శాలువా తెచ్చి వేదిక మీదికి రమ్మన్నారు. "శాలువ తర్వాత. ఆకలైతంది," అంది గంగక్క. చేతులు కడుక్కుని, కాళ్లు కడుక్కుని, ఐలయ్యను పక్కన కూర్చోబెట్టుకుని తెల్లగుడ్డ బల్ల దగ్గర కూర్చుంది. తలకాయ కూర, బిర్యానీ, చేపల పులుసు, అన్నీ ఆమె ముందుకు వచ్చాయి. ఆమె తొందరపడలేదు. ఒక్కొక్కటి తిని ఒక్కో మాట చెప్పింది.

"వచ్చే ఏడు గూడ రావాలె గంగక్కా," అన్నారు డాక్టర్ దిలీప్, తడిసిన చొక్కా పిండుకుంటూ.

"వస్త. మీరందరు గిట్లనే ఆకలితోటి రావాలె మరి. పొయ్యిలు మాత్రం ఏడ పెట్టాల్నో నేను చెప్త." ఆమె కొమురమ్మ వైపు తిరిగి పళ్లెం జరిపింది. "ఓ చెల్లె, పులుసు మస్తుగున్నది. ఇంకో ముక్క వెయ్యి, తోక దిక్కుది. ముసలాయనకు గూడ వెయ్యి."

ఐలయ్య చెవిలో మిషన్ సరిగ్గా నొక్కుకుని, అప్పటికే పళ్లెం చాపాడు.