మాత్రలకు లొంగని దిగులు

తమిళ సీమలోని ధర్మపురి బస్టాండు దగ్గర మాది పాత్రల అంగడి. నేనూ మా ఆయనా కలిసి చూసుకుంటాము. రెండో కూతురు పుట్టినాక నాకు పట్టుకున్న దిగులు, ఆ బిడ్డకు బడికి పోయే వయసు వచ్చినా వదల్లేదు. ఏడుపు కాదు. ఏడుపన్నా వస్తే బాగుండునని అనుకునేదాన్ని. ఎవరన్నా వచ్చి కుక్కరు అడిగితే, అది పై అరలో ఉందని తెలిసినా చెయ్యి లేచేది కాదు. నాలుకకు ఉప్పూ పులుపూ తెలిసేవి కావు.

ఊళ్లోని మనసు డాక్టరమ్మ ఒకదాని తర్వాత ఒకటి మూడు రకాల మాత్రలు మార్చింది. ఒకటి నిద్రపుచ్చింది, ఒకటి ఒళ్లు పెంచింది, ఇంకొకటి ఏమీ చేయలేదు. నేను సరిగ్గా మింగడం లేదని మా అత్తకు అనుమానం. మా ఆయనే దగ్గరుండి వేయించేవాడు.

ఒకరోజు డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి తమిళంలో నిదానంగా చెప్పింది. "నువ్వు చేయాల్సిందంతా చేసినావమ్మా. మందులే నీకు పని చేయలేదు. తప్పు నీది కాదు."

ఆ మాటకు, ఎన్నో ఏండ్ల తర్వాత, నాకు కండ్లలో నీళ్లు వచ్చినాయి. కెటమిన్ అనే మందు ఉందనీ, మాత్రలకు లొంగని దిగులుకు దాన్ని కొంచెం కొంచెంగా నరంలోకి ఎక్కిస్తారనీ చెప్పి, బెంగళూరు ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

మా అన్న కంబైనల్లూరు పశువుల ఆసుపత్రిలో పని చేస్తాడు. ఫోన్లో మందు పేరు చెప్పగానే, "అది కుక్కలకు ఆపరేషను ముందర వేసే మత్తు మందు కదా పాపా?" అన్నాడు. నేను భయపడి ఫోన్ పెట్టేసినాను. మరుసటి రోజు తానే ఇంటికి వచ్చినాడు. "మా డాక్టరును అడిగినాను. మనుషులకూ చానా కాలంగా వాడతా ఉండారంట. కొలతే వేరంట. నేనూ వస్తా, ఎంత ఎక్కిస్తారో చూస్తా," అన్నాడు. మా ఆయన్ను అంగట్లో, పిల్లల్ను అత్త దగ్గర వదిలి, అన్నతో బస్సెక్కినాను.

బెంగళూరు డాక్టరు నా బీపీ, గుండె అన్నీ చూసినాడు. "ఇది అందరికీ పని చేయదు. పని చేసినా మాత్రలూ, కౌన్సెలింగూ మానకూడదు," అని ముందే చెప్పినాడు. ఖాళీ కడుపుతో మంచం మీద పడుకోబెట్టి డ్రిప్పు పెట్టినారు. కొంచెంసేపటికి పైకప్పు దూరంగా పోయింది. చేతులు నావి కావనిపించింది.

"అన్నా, నేను యాడ ఉండాను?"

"బెంగళూరులో, మంచం మీద. నేను ఈడే ఉండా," అన్నాడు అన్న. ఒక చెయ్యి నా చేతిలో పెట్టి, కండ్లు మాత్రం ఆ డ్రిప్పు మీదనుంచి తీయలేదు. నర్సమ్మ నవ్వుకుంటూ బీపీ చూసింది.

ఆ రోజు వాంతి వచ్చిందే తప్ప దిగులులో మార్పేమీ లేదు. రెండోసారీ అంతే. ఇంక వద్దులే అన్నాను. "ఇంకొక్కసారి చూద్దాం పా," అని అన్న బతిమాలి తీసుకుపోయినాడు. మూడోసారి తిరిగి వస్తా ఉంటే, కృష్ణగిరి దాటినాక, "అన్నా, ఆకలేస్తా ఉంది," అన్నాను. ముందు రెండుసార్లూ పొద్దున్నుంచి ఏమీ తినకపోయినా ఆకలి తెలియలేదు. అన్న నా వైపు చూసి, బస్సు ఆగగానే దిగి ఉడికించిన శనక్కాయలు తెచ్చినాడు. ఉప్పు తెలిసింది. పొట్లమంతా నేనే తినేసినాను.

మొత్తం ఆరుసార్లు ఎక్కించినారు. ఇప్పుడు రెండు నెలలకొకసారి పోయి వస్తాము. దిగులు పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని రోజులు మబ్బుగానే ఉంటాయి, కానీ దాటిపోతాయి. పోయిన వారం చారులో పులుపు ఎక్కువైందని మా అత్తతో పోట్లాడినాను. ఆమె కూడా ఊరుకోలేదు, బాగానే జవాబిచ్చింది. సాయంత్రం పక్కింటామెతో, "నా కోడలు మళ్లా నోరు తెరిచింది," అని చెప్తా ఉంటే లోపలినుంచి విన్నాను. ఆమె గొంతులో సంతోషం ఉంది.