చెప్పుల ముఖం ఇంటివైపు

అమరచింత బస్టాండు పక్కన మోటార్లకు వైండింగ్ చేసే రజాక్‌కు కబడ్డీ ఆడటం రాదు. చిన్నతనంలో ఒకసారి కూతకు వెళ్లి, ఊపిరి అందక బరి మధ్యలోనే కూర్చుండిపోయాడు. అవతలి జట్టువాళ్లు పట్టుకోవడానికి కూడా మొహమాటపడ్డారు. ఆ తర్వాత ఆయన మళ్లీ బరిలోకి దిగలేదు. బరిని వదిలిపెట్టనూ లేదు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. రజాక్‌వి ఆ రెండూ పెద్దగేరి జట్టు వెంటే తిరిగాయి.

పెద్దగేరి అంటే ఆ ఊళ్లో ఒక వీధి. ఆ వీధి పిల్లలు ఎర్ర బనీన్లు వేసుకుని జాతరల్లో ఆడేవాళ్లు. ఆత్మకూరు జట్టు మీద గెలిస్తే ఏడాదంతా గెలిచినట్టు, ఓడితే ఏడాదంతా ఓడినట్టు లెక్క. ఏటా పెబ్బేరు సంత మైదానంలో పెద్ద పోటీలు జరుగుతాయి. వాటిలో పెద్దగేరి ఒక్కసారి కూడా గెలవలేదు. గెలిస్తే చూసి చచ్చిపోవాలని రజాక్ అంటుండేవాడు. "ఐతే నీకు నూరేండ్లు గ్యారంటీ" అనేది ఆయన భార్య సుల్తానాబీ.

ఆయనకు జట్టులో ఉద్యోగం దొరికింది ఒక దొంగతనం వల్ల. నది అవతల కర్ణాటక ఊళ్లో జాతరకు ఆడటానికి వెళ్లినప్పుడు, మట్టి బరి కాబట్టి అందరూ చెప్పులు విప్పి గట్టు మీద వదిలారు. ఆట ముగిసి వచ్చేసరికి గట్టు మీద గట్టే ఉంది. మండుటెండలో జట్టంతా ఉత్తకాళ్లతో నది దాటించే పుట్టి దాకా గెంతుకుంటూ వచ్చింది. మరుసటి ఆట నుంచి రజాక్ తన తువ్వాల పరిచి చెప్పుల కాపలాకు కూర్చున్నాడు. ఎలాగూ ఆడేది లేదు గదా అని ఎవరూ వద్దనలేదు.

ఊరికే కాపలా కాస్తే ఆయన రజాక్ ఎందుకవుతాడు? ఏ ఊళ్లో ఆడినా అమరచింత ఏ దిక్కున ఉందో ముందు కనుక్కునేవాడు. ప్రతి జతనూ సర్ది, వాటి ముఖం అటు తిప్పి పెట్టేవాడు. చెప్పులు ఇంటివైపు చూస్తుంటే కాళ్లు దెబ్బ తగలకుండా వచ్చి వాటిలో దూరతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడిదో ఆయనకూ తెలియదు. దెబ్బలు మాత్రం మామూలుగానే తగిలేవి. అయినా దిక్కు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకున్నాకే పిల్లలు బరిలోకి వెళ్లేవాళ్లు. తండ్రుల చెప్పులు కాచిన తువ్వాల మీదే కొడుకుల చెప్పులు కూడా వచ్చి చేరాయి.

ఆయన పక్కన ఎప్పుడూ బాలయ్య కూర్చునేవాడు. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు కుదర్చడం బాలయ్య పని. ఆటగాడిని చూసినా ముందు పిక్కలే చూసేవాడు. పళ్లు చూడనందుకు సంతోషించాలి. నర్సమ్మ కొడుకు డేవిడ్ గడ్డం రాకముందే కూతకు వెళ్లి నలుగురిని ఈడ్చుకొచ్చిన నాడు, "ఈడు పనికొస్తడు" అని తేల్చింది బాలయ్యే. నర్సమ్మ మిరప చేలల్లో కూలికి పోయే మనిషి. ఆమెకు ఆట తెలియదు. ఆట ఉన్న రోజు మాత్రం పిల్లలందరికీ అన్నం వండి ఉంచేది.

అంతా ఇలా సాగుతుండగా జట్టుకు మంచిరోజులు వచ్చాయి.

మంచిరోజుల పేరు మహేందర్. ప్లాట్ల వ్యాపారం. ఊరి పేరు నిలబెడతానన్నాడు. ముందుగా పెద్దగేరి పేరు తీసేసి అమరచింత టైగర్స్ అని పెట్టాడు. అమరచింత చుట్టుపక్కల పులిని చూసినవాళ్లు ఎవరూ లేరు, అభ్యంతరం చెప్పినవాళ్లు కూడా లేరు. ఎర్ర బనీన్లు పోయి పసుపు జెర్సీలు వచ్చాయి. వాటి వీపు మీద ఆయన వెంచర్ పేరు ఉండేది. తర్వాత ఆటగాళ్లు కూడా వచ్చారు. ఇద్దరు హర్యానా వైపు నుంచి, మిగతావాళ్లు హైదరాబాదు నుంచి. కొత్తొక వింత, పాతొక రోత. పెద్దగేరి పిల్లలు బెంచీ మీదికి, బెంచీ మీద నుంచి నీళ్ల డబ్బాల దగ్గరికి జరిగారు.

"మనూరోళ్లు లేని మనూరి జట్టేంది?" అన్నాడు రజాక్.

బాలయ్యకు ఇందులో సందేహమే కనబడలేదు. "ఎద్దును ఏడ కొంటే ఏంది? మన కాడికి కడితే మన ఎద్దే" అన్నాడు. ఆయన బతుకంతా ఆ మాట మీదే నడిచింది కాబట్టి రజాక్ వాదించలేదు.

కొత్త జట్టు మొదటి ఆట వనపర్తిలో, మ్యాట్ మీద. రజాక్ ఎప్పటిలాగే ముందుగా చేరుకుని, దిక్కు కనుక్కుని, తువ్వాల పరిచి కూర్చున్నాడు. ఆటగాళ్లు బూట్లతో దిగారు. ఆ బూట్లతోనే మ్యాట్ ఎక్కారు. వాళ్లలో ఒకడు పోతూ పోతూ ఖాళీ సీసా రజాక్ చేతికిచ్చి, నీళ్లు పట్టుకురమ్మని హిందీలో చెప్పాడు. రజాక్ పట్టుకొచ్చాడు కూడా. వచ్చి చూస్తే తువ్వాల ఖాళీగా ఉంది. తన చెప్పులే విప్పి దాని మీద పెట్టుకున్నాడు. బాలయ్య కాసేపు చూసి, ఏమనుకున్నాడో, తనవీ విప్పి పక్కన పెట్టాడు. ఆ రోజు టైగర్స్ గెలిచారు. ఆ రెండు జతలూ క్షేమంగా ఇంటికి చేరాయి.

అయినా రజాక్ జట్టును వదల్లేదు. అభిమానం అంటే అంత తేలిగ్గా పోయేది కాదు, అది జలుబులాంటిది. మహేందర్ అభిమానులకు పంచిన పసుపు టీషర్టు తీసుకున్నాడు. బాలయ్య తనకిచ్చినదాన్ని సంతకు కూడా వేసుకుపోయాడు. రజాక్ మాత్రం తనది మడతపెట్టి బీరువాలో ఉంచాడు. బిగుతుగా ఉందని సుల్తానాబీకి చెప్పాడు. ఒక్కసారైనా వేసుకుని చూడలేదని ఆమెకు తెలుసు.

ఒకరోజు డేవిడ్ కాలిపోయిన బోరు మోటారు తీసుకుని షాపుకు వచ్చాడు. మోటారు దించి నిలబడ్డాడు, పోలేదు.

"చాచా, ఆత్మకూరోళ్లు పిలుస్తుండ్రు. నన్ను, ఇంక ముగ్గురిని. ఈసారి పెబ్బేరుల వాళ్ల దిక్కు ఆడుతున్నం."

రజాక్ చేతిలో రాగి తీగ ఆగిపోయింది. "ఆత్మకూరా?"

"ఈడ ఉంటే నీళ్ల డబ్బాలు మోసుడే గదా."

"మోస్తే ఏమైతది? మీ నాయిన ఆడిన జట్టురా అది. ఆత్మకూరు దిక్కు ఆడుతా అని నా ముందరికొచ్చి చెప్తున్నవా?"

డేవిడ్ తల దించుకుని వెళ్లిపోయాడు. రజాక్ ఆ మోటారుకు వైండింగ్ చేశాడు గానీ, తీసుకుపోవడానికి వచ్చినప్పుడు డేవిడ్‌తో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. జట్టును పాడుచేసినవాడి మీద కాకుండా, జట్టులో చోటు లేక పోయినవాడి మీద ఆయనకు కోపం వచ్చింది. మనుషుల కోపం ఎప్పుడూ చేతికి అందేవాళ్ల మీదే పడుతుంది.

పెబ్బేరు పోటీల్లో టైగర్స్ ఫైనలుకు చేరారు. ఆత్మకూరు కూడా చేరింది. సంత లేని రోజు, అదే మైదానం, పేడ వాసనతో సహా. పెబ్బేరువాళ్లకు మ్యాట్ పెట్టే స్తోమత లేదు కాబట్టి మట్టి బరే. ఆ సంగతి తెలిసి రజాక్‌కు ప్రాణం లేచి వచ్చింది. మట్టి బరి అంటే అందరూ చెప్పులు విప్పాల్సిందే. పొద్దున్నే తువ్వాల ఉతికించుకుని, బాలయ్యతో కలిసి బస్సెక్కాడు. ఇన్నేళ్ల కోరిక తీరే రోజు అది. తన జట్టు పెబ్బేరులో గెలవడం తన కళ్లతో చూడాలి. ఆయనకు కావలసింది అంతే.

టైగర్స్ ఏసీ బండిలో వచ్చారు. రజాక్ తువ్వాల భుజాన వేసుకుని బండి దగ్గరికి వెళ్లాడు. ఆటగాళ్లు లోపలే బూట్లు విప్పి, ఉత్తకాళ్లతో దిగారు. డ్రైవరు తలుపు మూసి తాళం వేశాడు.

"ఏం గావాలె పెద్దమనిషీ?" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు" అన్నాడు రజాక్.

షామియానా కింద పసుపు టీషర్టులో బాలయ్య చేయి ఊపి పిలిచాడు. రజాక్‌కు అటు పోబుద్ధి కాలేదు. బరి అవతల ఒక నీడ చూసుకుని, అలవాటు కొద్దీ తువ్వాల పరిచి, ఖాళీ తువ్వాల ముందు కూర్చున్నాడు. ఆయనకు బాగా సిగ్గేసింది.

కాసేపటికి ఆత్మకూరు జట్టు వచ్చింది. వాళ్లలో పెద్దగేరి పిల్లలు చెప్పులు విప్పి చుట్టూ చూశారు. తువ్వాల కనబడింది. వాళ్లు ఆత్మకూరు తరఫున ఆడుతున్నామని ఆలోచించలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి చెప్పులు ఎక్కడ వదిలారో అక్కడే వదిలారు. "చాచా, జర సూడు" అని ఒకడు పరుగెత్తాడు. వాళ్లను చూసి ఆత్మకూరు పిల్లలు కూడా తెచ్చి పెట్టారు. ఆఖరున డేవిడ్ వచ్చాడు. దగ్గరికి రాలేదు. తువ్వాల అంచు బయట, మట్టిలో విప్పి నిలబడ్డాడు.

రజాక్ అతని మొహం చూడలేదు. చేయి చాచి ఆ జత అందుకుని, మట్టి దులిపి, మిగతావాటి మధ్య పెట్టాడు. ముఖం ఇంటివైపు తిప్పాడు. పెబ్బేరు నుంచి చూస్తే ఆత్మకూరు, అమరచింత రెండూ ఒకే దిక్కు. కాస్త ముందు దిగితే ఆత్మకూరు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు.

"దిక్కు సక్కగుందా చాచా?" అన్నాడు డేవిడ్.

"సక్కగనే ఉంది. పో."

బరి అవతల నుంచి మహేందర్ ఇది చూశాడు. గబగబా వచ్చాడు. "ఏంది చాచా ఇది? మనోళ్లను ఇడిసిపెట్టి ఆత్మకూరోళ్ల చెప్పులు కాస్తున్నవా? ఊరోళ్లు సూస్తే ఏమనుకుంటరు?"

"మీ చెప్పులు గూడ తెమ్మను. అవీ కాస్తా."

"మావోళ్లవి బండిల భద్రంగ ఉన్నయి."

"ఐతే ఇగ నాతోని ఏం పని?" అన్నాడు రజాక్. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అంతలో విజిల్ మోగింది, మహేందర్ షామియానా వైపు మళ్లాడు.

ఆట బాగా జరిగింది. ఆఖరు వరకూ సమానంగా నడిచింది. చివరి కూతకు డేవిడ్ వెళ్లాడు. ఒకడిని ముట్టి వెనక్కి తిరిగాడు. గీతకు జానెడు దూరంలో హర్యానా మనిషి నడుము పట్టుకున్నాడు. డేవిడ్ పడ్డచోటి నుంచి చేయి చాచాడు. వేళ్లు గీతకు అందలేదు. టైగర్స్ గెలిచారు.

అమరచింత గెలిచిందని మైకులో చెప్పారు. మళ్లీ మళ్లీ చెప్పారు. బాణసంచా కాల్చారు. షామియానా ఖాళీ చేసి జనం బరిలోకి ఉరికారు. బాలయ్య వయసు మరిచి గెంతుతున్నాడు. రజాక్ తన లోపల సంతోషం ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. లేదు. డేవిడ్ చేతివేళ్లు ఆ జానెడు మేర ఎందుకు సాగలేదా అన్న బాధే ఉంది. బతుకంతా ఎదురుచూసిన గెలుపు కళ్ల ముందు జరుగుతుంటే ఆయన ఓడిపోయి కూర్చున్నాడు.

పిల్లలు వచ్చి ఒక్కొక్కరే చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నారు. డేవిడ్ మోచేయి గీసుకుపోయింది. రజాక్ తువ్వాల తీసి దులిపి, దానితోనే కట్టు కట్టాడు.

"కోపం పోయిందా చాచా?"

"నీ మీదిది అప్పుడే పోయింది" అన్నాడు రజాక్. "టైగర్స్ మీద ఉన్న అభిమానమే పోయింది. ఇగ వాళ్ల మీద కోపం గూడ రాదు."

టైగర్స్ ఏసీ బండి హైవే ఎక్కి హైదరాబాదు వైపు తిరిగింది. కప్పు మహేందర్ కారులో పోయింది. కాసేపటికి బాలయ్య వచ్చాడు. పసుపు టీషర్టు చెమటతో తడిసి ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. గెలిచిన హడావిడిలో షామియానా కింద విడిచిపోయాడు. వచ్చి చూస్తే అక్కడ షామియానా మాత్రమే ఉంది.

"ఊరేగింపు లేదంట" అన్నాడు బాలయ్య. "అటు నుంచి అటే పోయిండ్రు. ఊర్ల ఒకసారన్న దిగుతరనుకున్న." ఉత్తకాళ్లు చూసుకుని అన్నాడు: "కొన్న ఎద్దయినా పొద్దుగూకితే కొట్టానికొస్తది రజాకూ."

ఆత్మకూరు జట్టు ఆటోలో ఇద్దరికీ చోటిచ్చారు. ఆత్మకూరులో సగం మంది దిగిపోయారు. మిగతావాళ్లతో ఆటో అమరచింతకు వచ్చి, దీపాలు పెట్టే వేళకు పెద్దగేరిలో నర్సమ్మ గుమ్మం ముందు ఆగింది. లోపల అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది.

"ఎవరు గెలిసిండ్రన్నా?" అంది నర్సమ్మ.

"అమరచింత గెలిసింది" అన్నాడు రజాక్.

"మరి మనోళ్లు?"

"ఓడిపోయిండ్రు."

నర్సమ్మ కొడుకు మోచేతి కట్టు చూసింది. బాలయ్య ఉత్తకాళ్లు కూడా చూసింది. "సరే, కాళ్లు కడుక్కోండ్రి. తిందురు" అని లోపలికి పోయింది.

అందరూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వెళ్లారు. రజాక్ అలవాటు కొద్దీ వంగి జతలు సర్దబోయాడు. ముఖం ఎటు తిప్పాలో తోచలేదు. ఇల్లు ఇదే గదా అనుకుని, వాటిని ఎక్కడివక్కడ వదిలేసి, బాలయ్య కాళ్ల మీద నీళ్లు పోయడానికి చెంబు అందుకున్నాడు.